కాడ వంగిందా, బావా?

బొంగ్ బస్తీ, కాలింపాంగ్
12 జనవరి 1995

దుప్‌దెన్‌కు, మీ బావ ఓంగ్దెన్ ఆశీస్సులు.

ముందుగా నా రాత చూసి నవ్వకు. చదివింది మూడో తరగతి, అదీ పలక మీద. కాయితం మీద నా అక్షరాలు కొండ దిగే మేకల్లా తలో దారీ పోతాయి. తప్పులుంటే సర్దుకుని చదువు. ఈ చలికి చేతులు కూడా స్వాధీనంలో లేవు.

సంగతి ఒకటే. నలభై ఒక్క సునాఖరి ఆర్కిడ్ మొక్కల్లో ఒకదానికి పూకాడ వచ్చింది. మొన్న నీళ్లు పోస్తుంటే ఆకుల అడుగున, దుంప పక్కన, వేలిగోరంత కనబడింది. ముందు పిలక అనుకున్నాను. నొక్కి చూస్తే మెత్తగా, లోపల బోలుగా ఉంది. పిలకైతే గట్టిగా ఉంటుంది. ఇది పువ్వే.

ప్రతి ఏడూ అడుగుతున్నావు కదా, అందుకని రాస్తున్నాను.

సుభద్ర మేడమ్‌కు చెప్పాను. వాళ్ల నాన్న పెట్టిన నర్సరీని ఇప్పుడు ఆవిడే చూసుకుంటోంది. రెండు అడవి జాతులను కలిపి కొత్త పువ్వు పుట్టిస్తే దానికి పేరు రాయించే కాయితం ఒకటి ఇంగ్లండు నుంచి తెప్పించి ఉంచిందట. తల్లి మొక్క ఏది, తండ్రి మొక్క ఏది, కలిపింది ఎవరు, పేరేమిటి. ఇవి నింపి నేను సంతకం పెట్టాలి. ఏప్రిల్ ఆఖరుకు పంపాలంది.

నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. మీ ఏలకుల తోటకు చీడ తగ్గిందా?

ఓంగ్దెన్


లింగ్‌థెం, జోంగు
2 ఫిబ్రవరి 1995

బావా,

టపా మనిషి చేతిలోంచి ఉత్తరం లాక్కుని పొయ్యి దగ్గర కూచుని చదివాను. రాత గురించి ఆ ఏడుపు ఎందుకయ్యా? నువ్వు నోటితో మాట్లాడేదానికన్నా కాయితం మీదే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతావు. మా పెళ్లికి వచ్చి మూడు రోజులుండి "ఉప్పు తక్కువ" అని ఒక్క మాటన్నావు. మీ చెల్లెలు చుంకిత్ చనిపోయేదాకా అది చెప్పుకుని నవ్వింది.

పువ్వు సంగతి ఊళ్లో అందరికీ చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను. మా కోడలు విసుక్కుని, "మామయ్యా, ఆ మొక్క నువ్వు కన్నావా ఏమిటి?" అంది. నేను కనలేదు, మీ అత్త కన్నది అన్నాను.

నిజం కాదూ? ఏలకుల తోట పైన ఆ రాతిగోడ మీద పశువుల మేత కోస్తూ చుంకిత్ ఆ తండ్రి మొక్కను చూసింది. ఆ జాతి ఎక్కడ పూసినా ఇటుక ఎరుపే. అదొక్కటి లేత వెదురు రంగులో, ఒక్క మచ్చయినా లేకుండా, రాతి మీంచి జలపాతంలా వేలాడుతోంది. దింపుకొస్తానంటే ఒప్పుకోలేదు. "రాయిది రాయికే ఉండాలి. కావాలంటే పుప్పొడి తీసుకుపో. తేనెటీగ తీసుకునేదీ అంతే కదా" అంది. ఆ పుప్పొడే నీకు పంపాను.

తొంభై ఒకటి వానల్లో ఆ రాయి బీట వేసినప్పుడు నిచ్చెన కట్టి కూడా ఎక్కలేదు, గుర్తుందా, నీకు రాశాను. ఆమె మాట ఆమెకు ఉంచుదాం, దాని పిల్లలు బావ దగ్గర నలభై ఒక్కటి పెరుగుతున్నాయి, నాకేం లోటు అనుకున్నాను. మూడో రోజు కొండ చరియ మొత్తం రొంగ్యోంగ్ నదిలోకి జారింది. ఆ రాయి ఉన్నచోట ఇప్పుడు ఆకాశం కనబడుతుంది.

పేరు గురించి మనం మాట్లాడుకోవలసింది ఏముంది? ఉన్నది ఒకటే పేరు. చుంకిత్ అని రాయించు. నేను బతికుండగా ఇంగ్లండు పుస్తకంలో ఆ పేరు అచ్చులో చూడాలి. ఇంకేం కోరికలు లేవు.

కాడ వంగిందా? ఆ వేలాడే జాతిని దేనితో కలిపినా పిల్లల కాడ కిందికి వంగి తీరుతుందని చెప్పింది నువ్వే. వంగిన రోజున రాయి. మర్చిపోకు.

దుప్‌దెన్


బొంగ్ బస్తీ
20 ఫిబ్రవరి 1995

దుప్‌దెన్,

ఉత్తరం అందింది.

ఇక్కడ రెండు రోజులు వడగళ్లు పడ్డాయి. గాజు కప్పు రెండు చోట్ల పగిలింది. మన మొక్క మీద పడలేదు. నత్తలు కాడ మొదలు కొరుకుతాయని చుట్టూ బూడిద పోశాను. కాడకు ఇప్పుడు జానెడు పొడుగు వచ్చింది. మొగ్గలు ఎనిమిది ఉండొచ్చు, ఇంకా పొరలోనే ఉన్నాయి.

కాడ వంగడం గురించి అడిగావు. ఇప్పుడే ఏమీ చెప్పలేం.

మేడమ్ నిన్న కాయితం తెచ్చి చూపించింది. పెన్సిలుతో తల్లి పేరు రాసింది, మా దగ్గరి దంతం రంగు తెల్లపువ్వు పేరు. తండ్రి పేరు దగ్గర నన్ను చూసింది. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాను, తర్వాత చూద్దామన్నాను.

ఏలకుల చీడ గురించి నువ్వు రాయలేదు.

ఓంగ్దెన్


లింగ్‌థెం
8 మార్చి 1995

బావా,

ఏలకులు చచ్చాయి, చీడ బతికింది. చాలా? ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు.

జానెడు కాడ వచ్చాక వంగుతోందో లేదో చెప్పలేకపోవడం ఏమిటి? యాభై ఏళ్లు ఈ పని చేసినవాడివి. గర్భిణి నడక చూసి ఎన్నో నెలో చెప్పే మంత్రసానిలా దుంప చూసి రంగు చెప్పేవాడివి. నువ్వు కళ్లద్దాలు మర్చిపోయేది కూడా నాకు తెలుసులే. నీకు మాట ఇష్టం లేనప్పుడల్లా అవి ఇంట్లోనే ఉంటాయి. పేరు విషయమేనా? ఇంకేదైనా పేరు పెట్టమని మేడమ్ అంటోందా? అలాగైతే చెప్పు, నేనే వచ్చి మాట్లాడతాను.

ఎలాగూ వస్తాను. పువ్వు తెరుచుకునే వారం ముందు టెలిగ్రాం ఇవ్వు. రాగి కల్లు వెదురు గొట్టాల్లో తెస్తాను. మీ ఊళ్లో అమ్మేది నీళ్లు. మా కోడలు కూడా వస్తానంటోంది, అత్తగారి పువ్వు చూస్తానని కొత్త దుస్తులు కుట్టించుకుంది.

ఒక్క మాట రాయి. వంగిందా, లేదా?

దుప్‌దెన్


బొంగ్ బస్తీ
25 మార్చి 1995

దుప్‌దెన్,

వంగలేదు. వంగదు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. ఇది అయిదోది. ఎలా వస్తే అలా రాస్తాను.

ఎనభై ఎనిమిదిలో నువ్వు పంపిన పుప్పొడి నాకు చేరింది కానీ చెడిపోయి చేరింది. ఆ ఏడాది మా కొండల్లో గొడవలు, అన్నీ బందులే. నువ్వు నెయ్యి కాయితంలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, జీపు నడిపే కుంగా చేత పంపావు. అతన్ని దారిలో మెల్లి ఊరి దగ్గర ఆపేశారు. ఇరవై రెండు రోజులు ఆ అగ్గిపెట్టె అక్కడ ఒక టీకొట్టు అరలో ఉంది. కప్పు కారే అర. నేను తెరిచేసరికి నాలుగు పుప్పొడి ముద్దలకూ బూడిద రంగు బూజు పట్టింది.

అయినా పెట్టాను. అగ్గిపుల్లతో బూజు గీకి, మా తెల్లపువ్వు గొంతులో జిగురున్న చోట అంటించాను. ఎనిమిది రోజులకు పువ్వు రాలిపోయింది. తొడిమ ఉబ్బలేదు.

అప్పటికి చుంకిత్ గాంగ్‌టక్ ఆసుపత్రిలో ఉంది. కుంగా మళ్లీ వచ్చాడు. "ఆమె తిండి అడగడం లేదు, పిల్లల్ని కూడా అడగడం లేదు. మా అన్న దగ్గర అంటుకుందా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు తాతా?" అన్నాడు.

నీకు తెలుసు, నాకు మాటలు రావు. ఆమె ముందు నిలబడి పుప్పొడి చెడింది అని చెప్పగలిగేవాణ్ణి కాదు. కుంగా చేత చెప్పించడం కూడా చేతకాలేదు. రేపు రా అన్నాను. నర్సరీలో బర్మా వైపు నుంచి వచ్చిన ఆకుపచ్చ పువ్వు ఒకటి పూసి ఉంది. దాని పుప్పొడి తీసి, తెల్ల మొక్కకు మిగిలి ఉన్న ఇంకో పువ్వులో పెట్టాను. పచ్చది కదా అని దాన్ని ఎంచుకున్నాను. పిల్లలు కొంచెమైనా ఆ రంగులో వస్తాయని.

కుంగాను రేపు మాపు అంటూ ఆరు రోజులు తిప్పాను. ఆరో రోజుకు తొడిమ ఉబ్బింది. అప్పుడు అంటుకుంది అని చెప్పి పంపాను. ఆ మాట విని ఆ పూట గంజి తాగిందని నువ్వే నాకు రాశావు.

కుండీలో గుచ్చే తగరపు రేకు మీద మేకుతో తల్లి పేరు గీశాను. తండ్రి పేరు చోట ఆమె పేరు గీశాను. ఎవరైనా వచ్చి చూసి ఆమెకు చెబుతారేమోనని.

ఆమె పోయాక చెప్పాలనుకున్నాను. కర్మలకు వచ్చాను. నువ్వు అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, ఆమె ఇంక బావ దగ్గర పెరుగుతుంది అన్నావు. నేను తల దించుకున్నాను. దుఃఖం అనుకున్నారు. ఆ తర్వాత మీ ఊరు రాలేదు. మోకాళ్లని చెబుతూ వచ్చాను.

ఇంతవరకే అయితే ఇంకా మోసేవాణ్ణేమో. కానీ రాయి బీట వేసిందని నువ్వు రాసిన ఉత్తరం నాకు అయిదో రోజున అందింది. మొదటి రోజే అంది ఉంటే ఎక్కి దింపు అని రాసేవాణ్ణా? రాసేవాణ్ణనే ఎన్నోసార్లు అనుకున్నాను. తెలియదు. దాని పిల్లలు ఉన్నాయనుకుని నువ్వు నిచ్చెన ఎక్కలేదు. అవి లేవు. ఎప్పుడూ లేవు. ఆ మొక్క పోయింది నా వల్ల.

నిన్న మేడమ్ మొగ్గ చూసి, కాడ ఇంత నిటారుగా ఉందేమిటి అంది. మళ్లీ ఆమే, తల్లి పోలిక వచ్చిందేమోలే అంది. అలాగే రాసేయొచ్చు. ఇంగ్లండు నుంచి ఎవరూ వచ్చి చూడరు. పేరు వచ్చేస్తుంది. పుస్తకంలో చుంకిత్ అని ఉంటుంది. రాత్రంతా ఆలోచించాను. ఆ పేరు కింద ఆమె మొక్క ఉండదు, నా అబద్ధం ఉంటుంది. అది అచ్చులో పడితే ఇంక చెరపడం ఎవరి తరమూ కాదు.

నువ్వు ఏమన్నా అను.

ఓంగ్దెన్


బొంగ్ బస్తీ
24 ఏప్రిల్ 1995

దుప్‌దెన్,

నెల అయింది. నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. రాయమని అడిగే ముఖం నాకు లేదు. జరిగింది చెప్పడం నా పని కనుక చెబుతున్నాను.

పువ్వు తెరుచుకుంది. ఏడు పూలు, ఎనిమిదో మొగ్గ పండి రాలింది. మీగడ రంగు, అంచుల్లో కాస్త పచ్చన. పెదవి మీద ఎర్రమట్టి రంగులో కొడవలి గుర్తు. అది బర్మా మొక్కది. తండ్రి ముద్ర అలాగే దిగింది. ఎవరు చూసినా తెలుస్తుంది. కాడ కర్రలా నిలబడి ఉంది. వాసన తల్లిది. పువ్వు బాగుంది. దాని తప్పేం లేదు.

మేడమ్‌కు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కుండీ తన వైపు తిప్పుకుని, "ఇన్నేళ్లు ఇది ఎక్కడ దాచుకున్నావు తాతా?" అంది. నలభై ఒక్క రేకులూ పీకి కొత్తవి గీసి పెట్టాను. రెండు రోజులు పట్టింది.

తర్వాత ఆమె పుస్తకం తీసి చూసింది. మా తెల్లదాన్నీ ఆ బర్మా పచ్చదాన్నీ ఇంగ్లండులో ఒక దొర వందేళ్ల కిందటే కలిపాడు. పేరూ పెట్టేశాడు. ఆ జంటను ఎవరు ఎక్కడ ఎన్నిసార్లు కలిపినా పిల్లలకు ఆ ఒక్క పేరే. అది వాళ్ల కట్టుబాటు. కాబట్టి మన కాయితానికి పని లేదు. చింపలేదు, ఖాళీగానే బీరువాలో పెట్టింది.

ఇంకోటి చెప్పింది. దొర పెట్టిన పేరు వెనకాల, ఈ ఒక్క మొక్కకు మాత్రం ముద్దుపేరు ఒకటి తగిలించుకోవచ్చట. చుంకిత్ అని పెడదామా అని అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. వద్దన్నాను. ఆమె ఎన్నడూ చూడని పువ్వుకు ఆమె పేరు ఎందుకు?

మీ కోడలు దుస్తులు కుట్టించుకుందని రాశావు. ఆ అమ్మాయికి నా క్షమాపణ చెప్పు.

ఓంగ్దెన్


లింగ్‌థెం
11 జూన్ 1995

ఓంగ్దెన్‌కు,

నీ మార్చి ఉత్తరం చదివి చింపాను. నాలుగో రోజు ముక్కలు ఏరి అన్నం మెతుకులతో అతికించి మళ్లీ చదివాను. ఏప్రిల్‌ది చింపలేదు.

నువ్వు ఆమెకు అబద్ధం చెప్పావని నాకు కోపం లేదు. ఆ స్థితిలో నేనైనా అదే చెప్పేవాణ్ణి. కానీ ఆ అబద్ధాన్ని ఆమెతో పాటే మట్టిలో పెట్టేయాల్సింది. నాకెందుకు మిగిల్చావు? ఏడేళ్లు ఊరందరికీ చెప్పుకు తిరిగాను. రాయి జారిపోతుంటే చేతులు కట్టుకుని చూశాను. పొయ్యి దగ్గర కూచుని, పోనీలే, కాలింపాంగ్‌లో ఉంది అనుకున్నాను. ఆ నిచ్చెన ఇంకా కోళ్ల గూటి మీదే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నీ మీద కోపం వస్తోంది. తగ్గలేదు. తగ్గిందని రాయను.

ఊళ్లో చెప్పాను, మొక్క లేదని. మా కోడలు, "అయితే మామయ్యా, కింద ఎవరైనా వెతికారా?" అంది. ఎవరూ వెతకలేదు. నేనే వెతకలేదు. ఉందనుకున్నవాడు ఎందుకు వెతుకుతాడు?

చరియ పడిన చోటికి దిగాను. నాలుగేళ్లలో అక్కడ అడివి మళ్లీ లేచింది. పదకొండు రోజులు కత్తితో పొదలు కొట్టుకుంటూ వెతికాం, నేనూ కోడలూ. జలగలు మా రక్తమంతా తాగాయి. నది ఒడ్డు కన్నా కాస్త పైన, నాచు పట్టిన ఒక రాతి ముక్క మీద మూడు దుంపలు కనబడ్డాయి. ఆకు ఆ జాతిదే. పువ్వు ఆకుపచ్చదో, మామూలు ఎర్రదో పూస్తే గాని తెలియదు. పైనుంచి రాయితో పాటు జారిందో, దాని గింజ పడి మొలిచిందో, అసలు సంబంధమే లేదో, అదీ తెలియదు. ఆమెదే అని నేను అనను. ఇంక అలాంటివి అనే ఓపిక నాకు లేదు.

ఈసారి మాత్రం అక్కడ వదల్లేదు. రాతి ముక్కతో సహా నలుగురం మోసుకొచ్చి ఇంటి ఉత్తరపు గోడకు ఆనించాం. రాయిది రాయికే ఉంది. రాయే మా ఇంటికొచ్చింది. చుంకిత్ ఉంటే ఏమనేదో ఏమో.

వచ్చే వసంతానికి పూస్తుందేమో. పూస్తే పుప్పొడి నీకు పంపను. టపాలో పంపను, జీపులో పంపను, మనిషి చేత పంపను.

చెప్పాల్సింది ఇంతే.

దుప్‌దెన్


బొంగ్ బస్తీ
29 జూన్ 1995

దుప్‌దెన్,

ఉత్తరం చదివాను. నీ కోపం న్యాయమైనది. దాన్ని తగ్గించమని అడగను.

పుప్పొడి పంపొద్దు. నేనూ అదే రాద్దామనుకున్నాను. అది దారిలో ఉండాల్సిన వస్తువు కాదు.

తల్లి మొక్కనే అక్కడికి తెస్తాను. ఆ తెల్లది నా చేతి మీద పెరిగింది, దాన్ని రెండుగా విడదీసి ఒక సగం ఇమ్మని మేడమ్‌ను అడిగాను. ఇచ్చింది. వానలు తగ్గాక, చలి ముదరకముందే, కుండీ ఒళ్లో పెట్టుకుని జీపులో వస్తాను. మీ ఉత్తరపు గోడ దగ్గర ఆ రాయి పక్కన పెడదాం. దానికి ఉదయపు ఎండ కొంచెం కావాలి, నీళ్లు నిలవకూడదు. మిగతాది చెప్పి చేయించేది కాదు, నేను ఉండి చూసుకుంటాను. చోటిస్తే వసంతం దాకా ఉంటాను. ఇవ్వకపోతే కుండీ గుమ్మంలో పెట్టి తిరిగి వస్తాను.

రెండూ ఒకే వారంలో పూస్తాయో లేదో తెలియదు. పూస్తే, నీ చేత్తో నువ్వే కలుపు. నేను పక్కన కూచుని ఎక్కడ అంటించాలో చూపిస్తాను. నేను ముట్టుకోను. ఎర్రది పూస్తే ఎర్రదనే రేకు మీద గీద్దాం. పచ్చది పూస్తే అప్పుడు ఏం గీయాలో నువ్వు చెప్పు.

కాయకు పది నెలలు, గింజ నుంచి పువ్వుకు ఆరేళ్లు. నాకిప్పుడు డెబ్బై ఒకటి. లెక్క నీకే వదిలేస్తున్నాను. మీ కోడలికి ఈ పని మీద ఇష్టం ఉందా? పదకొండు రోజులు జలగల్లో తిరిగిందంటే ఉండే ఉంటుంది. ఆమెకు నేర్పుతాను.

ఒక్కటి అడుగుతున్నాను. జోంగులోకి రావాలంటే బయట ఉండే మన లెప్చా జాతివాడికి కూడా పర్మిట్ కావాలి కదా. లోపలివాళ్లు ఎవరైనా ఇతను మావాడే అని సంతకం పెడితే గాని ఇవ్వరట. నా తరఫున అక్కడ అడగడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. పెడతావో పెట్టవో, ఏదైనా సరే, తొందరగా జవాబు రాయి.

ఓంగ్దెన్